ముప్పై ఒకటి కలపవద్దు

ఓడల నిర్మాణశాల,
డ్రాయింగ్ విభాగం, రెండవ అంతస్తు.
జనవరి 9

గౌరవనీయులైన బావగారికి,

ఇక్కడ మా చెల్లెలు ఆరోగ్యంగా ఉన్నది. వానకు ఉబ్బిపోయిన మీ పెరటి తలుపును నిన్న నేనే చిత్రిక పట్టి సరిచేశాను. కనుక దాని గురించి మీరు ఓడ మీద కూర్చుని ఆలోచించనక్కరలేదు.

అసలు విషయానికి వస్తాను. మీరు ఇరవై నాలుగేళ్లుగా సముద్రపు లోతులు రాస్తూ వస్తున్న మన సర్వే ఓడకు ఇదే ఆఖరి సీజనన్న సంగతి నాకంటే ముందే మీకు తెలిసి ఉంటుంది. మీకు తెలియనిది ఒకటున్నది. ఓడ సేవ ముగిసే రోజున దాని డ్రాయింగులలో ఒకదానిని మా నిర్మాణశాల ప్రవేశ మందిరంలో శాశ్వతంగా వేలాడదీస్తారు. ఏది ఉంచాలో ఎంచమని నిర్మాణశాల చీఫ్ నన్నే అడిగారు. నేను పదిహేడవ షీటు అన్నాను. మా ముందు గదిలో అద్దపు చట్రంలో ఉన్నది దాని నకలే.

ఆ కథ మీకు తెలియనిది కాదు. అయినా డ్రాయింగు కింద ఫలకం మీద చెక్కించడానికి వాక్యాలు కూర్చుకుంటున్నాను గనుక మరొకసారి రాస్తున్నాను. సర్వే ఓడ సరుకు మోయదు, మనుషులను దాటించదు. అది తిరిగిన దారిలో మిగతా ఓడలు భయం లేకుండా తిరగగలగడమే దాని పని. దాని అడుగున బిగించిన పలక నీటిలోకి శబ్దాన్ని పంపుతుంది. నేలకు తగిలి తిరిగివచ్చిన శబ్దాన్ని బట్టి యంత్రం లోతు చెబుతుంది. అయితే ఓడ ముక్కు నీటిని చీల్చినప్పుడు పుట్టే గాలిబుడగలు ఆ పలకను కప్పితే యంత్రం చెవిటిదవుతుంది. అందుకని అప్పటి పెద్దలు ఓడ అడుగున ముప్పై ఒక్క సెంటీమీటర్ల బుడిపె కట్టి, బుడగల కిందికి పలకను దించుదామన్నారు.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. పగలు పెద్దల డ్రాయింగులకు ట్రేసింగు చేసి, దీపాలు పెట్టే వేళకు రాత్రి బడికి వెళ్లేవాడిని. పరీక్ష తొట్టెలో మైనపు నమూనాను లాగుతూ, ముక్కు దగ్గర వదిలిన సిరా ఎటు పోతున్నదో పదకొండు రోజులు చూశాను. సిరా ఒక్కసారి కూడా తాకని చోటు ఒకటున్నది. "బుడిపె వద్దండి, పలకను ఇక్కడికి జరిపి అడుగుతో సమంగా బిగిద్దాం" అన్నాను. ముందు నవ్వారు. తరువాత జరిపారు. ఆ సవరణ షీటు గీసే పని నాకే ఇచ్చారు. నా సంతకంతో వెలువడిన మొదటి డ్రాయింగు అది.

జూన్‌లో మా విభాగాధిపతి పదవి ఖాళీ అవుతున్నది. రాత్రి బడి పట్టా గలవాడు ఆ కుర్చీలో ఇంతవరకు కూర్చోలేదు. అంతకు మించి రాయను.

ఓడ సేవా వివరాలు, అంటే తిరిగిన దూరం, గీసిన పటాలు, దయచేసి వెంటనే పంపగలరు.

ఇట్లు,
మీ బావ


సర్వే ఓడ, నదీముఖం దగ్గర,
లంగరు మీద.
జనవరి 27

బావగారికి నమస్కారం.

మీ చెల్లెలి ఉత్తరం కూడా మీ ఉత్తరంతో పాటే అందింది. "అన్నయ్య తలుపు భలే చెక్కాడు, ఇప్పుడు ఇట్టే మూసుకుంటోంది, కానీ గడియ కొక్కానికి అందడం లేదు" అని రాసింది. నేను నవ్వలేదని మీకు చెప్పమంది. కాబట్టి నవ్వలేదు.

మీరడిగిన వివరాలు ఇవిగో. రెండు లక్షల పదకొండు వేల మైళ్లు తిరిగాం. నూట అరవై మూడు పటాలు గీశాం. తొమ్మిదో ఏట ఇంజను మార్చారు. పద్నాలుగో ఏట తుపానులో చుక్కాని ఊడిపోతే, రెండు రోజులు ఓడను పక్కలకు నెట్టే చిన్న ఇంజన్లతో కుంటుకుంటూ వచ్చాం. అప్పుడు కూడా యంత్రం ఒక్క లోతు తప్పలేదు. ఇక్కడ అందరూ దీన్ని పెద్దమ్మ అంటారు. దాని పక్కనే వేలాడుతుండే రెండు చిన్న సర్వే పడవలు దాని పిల్లలు. ఆ పిల్లలిద్దరినీ కొత్త ఓడ కోసమని డిసెంబరులోనే తీసుకుపోయారు. క్రేన్లు ఖాళీగా చేతులు చాచుకుని ఉంటే, అటు చూడబుద్ధి కావడం లేదు.

ఫలకం మీద ఏది చెక్కించినా ఒకటి మాత్రం మరిచిపోకండి. పెద్దమ్మ గీసిన పటం చూసుకుని నడిచిన ఓడ ఏదీ ఇంతవరకు నేల తాకలేదు. ఇది గొప్ప కోసం అనడం లేదు, రికార్డు చూసి రాస్తున్నాను.

ఒక్క మనవి. పదిహేడో షీటు వద్దు బావగారూ. ఓడంతా పక్కనుంచి కనబడే మొదటి షీటు పెట్టించండి. వచ్చేపోయేవాళ్లకు పలక సంగతి ఏం తెలుస్తుంది?

ఈ సీజనుకు కొత్త కెప్టెన్ వచ్చాడు. మంచివాడే కానీ నిబంధనంటే ప్రాణం. వచ్చిన వారానికే యంత్రం మీద అంటించి ఉన్న పాత చీటీ ఒకటి పీకేశాడు. అది వేరే సంగతి లెండి.

మీ బావ


ఓడల నిర్మాణశాల,
డ్రాయింగ్ విభాగం.
ఫిబ్రవరి 8

బావగారికి,

మీరు పంపిన వివరాలు అందినవి. ధన్యవాదములు.

షీటు విషయంలో తమరి సలహా కూడా అందినది. చిన్న ఉద్యోగి చేసిన ఆలోచన పెద్దల మందిరంలో ఉండదగదని బయటివారు అనగా విన్నాను. ఇంటివారు అనడం ఇదే మొదటిసారి. ఇరవై నాలుగేళ్లుగా ఆ పలక మీద ఆధారపడి బ్రతికిన మీకే దాని సంగతి తెలియకపోతే, వచ్చేపోయేవారికి తెలియదనడంలో వింత లేదు.

పదిహేడవ షీటునే ఉంచుతారు. గడియ విషయం చూస్తాను.

ఇట్లు


సర్వే ఓడ, నదీముఖం దగ్గర.
ఫిబ్రవరి 21

బావగారూ,

మీ ఉత్తరం చదివి మూడు రోజులు కక్కలేక మింగలేక ఉన్నాను. ఇక కక్కేస్తాను. మీరు కోప్పడితే పడండి, కానీ చివరిదాకా చదివి కోప్పడండి.

పలకను జరపాలన్న మీ ఆలోచన బంగారం. ఇన్నేళ్లలో బుడగ వల్ల నేనొక్క కొలత పోగొట్టుకోలేదు. తప్పు ఆలోచనలో లేదు. షీటు కింద మూలన చిన్న పట్టిక ఉంది చూడండి. "పలక, ఓడ అడుగు కంటె దిగువన: 31 సెం.మీ." అని ఉంటుంది. బుడిపె ఉండి ఉంటే ఆ అంకె సరైనదే. బుడిపెను మీరే తీసేశారు. అంకె మాత్రం అలాగే ఉండిపోయింది.

మా పని మీకు తెలిసిందే. యంత్రం చూపించేది పలక కింది నీళ్లు మాత్రమే. దానికి ఓడ మునిగిన లోతు కలపాలి, పలక ఇంకా కిందికి ఉంటే అది కూడా కలపాలి. మీ పట్టిక నమ్మి ముప్పై ఒకటి కలిపితే, లేని నీళ్లు ఉన్నాయని పటంలో రాసినట్టే.

మొదటి సీజను రెండో వారంలోనే పట్టుకున్నాను. అడుగు బండరాయి ఉన్న రేవులో సీసం గుండు దించి చూస్తే, ఎక్కడ చూసినా ముప్పై ఒకటే తేడా. అప్పటి కెప్టెన్ దగ్గరికి పరిగెత్తాను.

"యంత్రం తప్పా, డ్రాయింగు తప్పా?" అన్నాడాయన.

"డ్రాయింగండి."

"రిపోర్టు రాస్తే గీసినవాడి ఉద్యోగం పోతుంది. ఎవరు గీశారు?"

"నాకు కాబోయే బావగారండి. వచ్చే నెల వాళ్ల చెల్లెల్ని అడుగుదామని..."

ఆయన కడుపు పట్టుకుని నవ్వి, "అయితే చీటీ అంటించు" అన్నాడు. ఆ రెండు వారాల లోతులూ తిరిగి లెక్కగట్టి, యంత్రం మీద చీటీ అంటించాను: ముప్పై ఒకటి కలపవద్దు. తరువాత ఓడను మరమ్మతు డాకులోకి ఎక్కించినప్పుడు అడుగున పాకి చూశాను. బుడిపె లేదు. చీటీ చిరిగినప్పుడల్లా కొత్తది రాశాను. ఓడలో కొత్తగా చేరినవాడికి తాగేనీళ్లు ఎక్కడో చెప్పకముందే ఈ మాట చెప్పేవాళ్లం. ఎందుకని ఒక్కడూ అడగలేదు. అది పెద్దమ్మ మాట అంతే.

కొత్త కెప్టెన్ అడిగాడు.

"ఇది ఎవరు అంటించారు?"

"నేనేనండి."

"ఆధారం?"

"ఇరవై నాలుగేళ్లండి."

"ఏళ్లు ఆధారం కావు. షీటులో కలపమని ఉంది, కింద సంతకముంది. మీ చీటీ మీద సంతకం కూడా లేదు."

"డాకులో నా కళ్లతో చూశానండి."

"మీరు చూశాక పలక రెండుసార్లు మార్చారు. నాకు కాగితం చూపించండి."

పోనీ, సీసం గుండు దించి చూడమన్నాను. దించాడు పాపం. ఇక్కడ అడుగంతా మెత్తటి బురద. గుండు జానెడున్నర దిగబడి, సరిగ్గా మీ ముప్పై ఒకటినే నిజం చేసి పెట్టింది! నా మొహం చూడాల్సింది మీరు.

ఇక్కడ కొలుస్తున్నది ప్రయాణికుల ఓడలకు కొత్త దారి. అవి నాలుగున్నర మీటర్లు మునుగుతాయి. కింద అర మీటరు మిగలాలన్నది నియమం, అంటే అయిదు మీటర్లుంటేనే దారి తెరుస్తారు. దారిలో నీటి అడుగున అన్నిటికంటే ఎత్తయిన తిన్నె మీద, ముప్పై ఒకటి కలిపితే అయిదు మీటర్ల రెండు సెంటీమీటర్లు. కలపకపోతే నాలుగు డెబ్బై ఒకటి. ఏప్రిల్ నెలాఖరుకు పటం అచ్చుకు పోతుంది.

కెప్టెన్‌కు కావాల్సింది సంతకమున్న కాగితం. ఆ సంతకం చేయగలిగింది మీరొక్కరే. చేస్తే జూన్ సంగతి ఏమవుతుందో నాకు తెలియంది కాదు. అందుకే ఆ షీటును పదిమంది చూసే చోట పెట్టొద్దన్నాను. మిమ్మల్ని చిన్నచేయడానికి కాదు.

మీ బావ


ఇంటి నుంచి.
మార్చి 6

గౌరవనీయులైన బావగారికి,

మీ లేఖ అందిన రోజున, అందులో ఉన్నది అసత్యమని జవాబు రాసి కవరు కూడా అంటించాను. తపాలా పెట్టె దాకా వెళ్లి తిరిగి వచ్చాను. చూడకుండా సంతకం చేయకూడదని రాత్రి బడిలో మొదటి పాఠం. చూడకుండా అభ్యంతరం కూడా చెప్పకూడదు గదా.

ముందు గదిలోని అద్దం దించి, నేల మీద పరచి, స్కేలు పెట్టి చూశాను. ఓడను నిలువునా కోసినట్లు చూపే బొమ్మలో పలక ఓడ అడుగుతో సమంగా ఉన్నది, గీతలో వెంట్రుకవాసి కూడా తేడా లేదు. మూలన పట్టికలో ముప్పై ఒకటి. బొమ్మ నిజం చెబుతున్నది, అంకె అబద్ధం చెబుతున్నది, రెండింటి కిందా ఉన్నది నా సంతకమే. బుడిపెను చెరిపిన ఆనందంలో నేను పట్టిక వైపు చూడనే లేదు. ఇరవై నాలుగేళ్లుగా ప్రతి ఉదయం దాని ముందు నిలబడి తల దువ్వుకున్నాను. అప్పుడూ చూడలేదు.

ఆ సమయాన మా చెల్లెలు వచ్చింది.

"ఏమైంది అన్నయ్యా, అద్దం పగిలిందా?"

"అద్దం కాదు" అని జరిగినదంతా చెప్పాను. చివరికి కొంత కఠినంగానే, "మీ ఆయన ఇన్నేళ్లు నా దగ్గర దాచాడు" అన్నాను.

"పెళ్లికి ముందే చెప్పుంటే ఏం చేసేవాడివి?"

"ఆ సంబంధం వద్దనేవాడిని."

"చూశావా మరి! ఆయన కొలత ఎప్పుడూ తప్పదు" అని లోపలికి వెళ్లి కాఫీ తెచ్చింది.

మరునాడు చీఫ్ గదికి వెళ్లి, కూర్చోకుండానే విషయం చెప్పాను. ఆయన లేచి గది తలుపు దగ్గరికి వేశారు.

"ఆఖరి నెలల్లో ఇప్పుడెందుకండీ ఈ తవ్వకం? నేను కెప్టెన్‌కు ఫోన్ చేసి చెబుతాను, ఆ చీటీ మళ్లీ అంటించుకోమనండి."

"సంతకం లేని చీటీ ఇన్నాళ్లు ఓడను కాపాడిందండి. సంతకం ఉన్న తప్పును ఇక ఒక్క రోజు కూడా ఉంచలేను."

"జూన్ గురించి ఆలోచించారా?"

"ఆలోచించే వచ్చానండి."

పాత భాండాగారం నుంచి అసలు ట్రేసింగును తెప్పించుకున్నాను. అంకెను గీరి చెరిపివేసే వీలున్నది. చెరపలేదు. దాని మీద ఒకే అడ్డగీత గీసి, పక్కన సున్న వేసి, సవరణ గడిలో నేటి తేదీతో ఇలా రాశాను: "మొదటి సవరణ నాటి నా పొరపాటు. పలక అడుగుతో సమము. దీనిని కనిపెట్టినది ఓడ మీద లోతులు రాసే రికార్డరు." సంతకం చేశాను.

విభాగం ముద్ర వేసిన నకలును, కెప్టెన్ గారికి నా లేఖను ఇందుతో జతపరిచాను. కెప్టెన్ గారిని తప్పుపట్టకండి. ఆయన నా సంతకాన్ని నమ్మారు. నమ్మవలసినదే.

ఇట్లు,
మీ బావ


సర్వే ఓడ, నదీముఖం దగ్గర.
మార్చి 24

బావగారికి నమస్కారం.

మీ ఉత్తరం కెప్టెన్ చేతికిచ్చి, పక్కనే నిలబడ్డాను. కూర్చుని మొదలుపెట్టిన మనిషి సగంలో లేచి నిలబడ్డాడు.

"ఈయన మీకేమవుతారు?"

"బావగారండి."

"ఇరవై నాలుగేళ్ల కిందటి తన తప్పును తన సంతకంతోనే ఇలా రాసిచ్చినవాణ్ని నేను చూడలేదు. రేపటి నుంచి ముప్పై ఒకటి కలపకండి" అన్నాడు. మళ్లీ, "రేపటి నుంచి కాదు, మొదటి రోజు నుంచి" అన్నాడు. నాలుగు వేల లోతులు! ఆయనా నేనూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరు చదువుతూ ఒకరు దిద్దుతూ, అయిదు రోజుల్లో ముగించాం. తిన్నె దగ్గరికి వచ్చేసరికి, "నాలుగు డెబ్బై ఒకటి" అని ఆయనే గట్టిగా చదివి పెన్ను కింద పెట్టాడు. దారి ఇప్పుడే తెరవరు. తిన్నె తవ్వేదాకా ప్రయాణికుల ఓడలు పాత దారినే పోతాయి.

ఇది నూట అరవై నాలుగో పటం. పెద్దమ్మ ఆఖరిది. ఫలకం మీద అంకె మార్పించండి.

చీటీ ఏమైందని అడిగాను. "నిబంధన ప్రకారం ఓడలో ఏ కాగితమూ పారేయకూడదు" అంటూ ఫైలు తీశాడు. నంబరు వేసి, రంధ్రం చేసి, భద్రంగా ఉంచాడు మహానుభావుడు! "డ్రాయింగే సరైందయ్యాక చీటీతో పని లేదు, తీసుకోండి" అన్నాడు. జతచేస్తున్నాను. నూనె మరకలు ఇంజను గదివి, టీ మరక మాత్రం నాదే.

పటాలు అప్పగించడానికి నేను రేవులోనే దిగిపోతున్నాను. పెద్దమ్మ మీ దగ్గరికి ఒక్కతే వస్తుంది. నా బదులు మీరు ఎదురెళ్లండి.

మీ బావ


ఓడల నిర్మాణశాల,
రెండవ డాకు.
జూన్ 12

గౌరవనీయులైన బావగారికి,

ముందుగా మీరు అడగడానికి మొహమాటపడే సంగతి. కుర్చీ వేరొకరికి ఇచ్చారు. నా రికార్డులో ఒక మందలింపు చేరింది. అది న్యాయమే కనుక దాని మీద సంతకం చేశాను. అయితే అదే కాగితపు రెండవ పేరాలో, కొత్త సర్వే ఓడ డ్రాయింగులలోని ప్రతి పట్టికను ప్రతి బొమ్మతో సరిచూసి, నేను సంతకం చేసిన తరువాతే బయటికి పంపాలని చీఫ్ ఉత్తర్వు వేశారు. నాలుగు వందల పన్నెండు షీట్లు. నిన్న పందొమ్మిదవ దాని మీద ఉన్నాను. కాలేజీ పట్టా గలవారు కూడా నా సంతకం కోసం వరుసలో నిలబడుతున్నారు. ఇంతకంటె రాస్తే గర్వమవుతుంది. రాయకపోయినా ఉన్నది.

మందిరంలో పదిహేడవ షీటునే పెట్టారు. అడ్డగీత కనబడకుండా ఫ్రేములో షీటు మూల కాస్త మడతపెడదామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఫలకం మీద నేను కూర్చుకున్న వాక్యాలన్నీ తీసివేయించి రెండే ఉంచాను: "నూట అరవై నాలుగు పటములు. వీటిని నమ్మిన ఓడ ఏదియు నేల తాకలేదు." మీ చీటీ మాత్రం అక్కడ పెట్టనివ్వలేదు. అది మా ముందు గదిలో, పాత అద్దంలో, టీ మరకతో సహా ఉన్నది. ఇప్పుడు దాని ముందే తల దువ్వుకుంటున్నాను.

మీ పెరటి తలుపుకు కొక్కెం జరిపాను, గడియ పడుతున్నది. ఈసారి ముందు కొలిచాను.

పెద్దమ్మ నిన్న ఉదయం వచ్చింది. మీరు చెప్పినట్లే ఎదురు వెళ్లాను. డాకులోని నీరు తోడివేసేసరికి మధ్యాహ్నం దాటింది. ఓడను ముక్కలుగా విప్పేవారు రేపు వస్తారు. నేను ఒక్కడినే చెక్క దిమ్మెల మధ్య వంగి అడుగుకు వెళ్లాను. నా జీవితంలో ఆ పలకను చూడడం అదే మొదటిసారి. కాగితం మీద తప్ప నేను దాని దగ్గరికి వెళ్లిందే లేదు.

నాచు తుడిచి, అరచేయి పెట్టి ఇనుము మీది నుంచి పలక మీదికి, పలక మీది నుంచి ఇనుము మీదికి జరిపి చూశాను. ఎక్కడా అంచు తగలలేదు బావగారూ.

ఇట్లు,
మీ బావ